పంతొమ్మిది అంగుళాల మర్యాద

మా మావగారి నోట ‘నాకిది కావాలి’ అన్న మాట వినడానికి నేను ఒక కారు కొని, దానికి రెండుసార్లు చక్రాలు మార్చాల్సి వచ్చింది. అదంతా దండగ అని ఎవరైనా అంటే వాళ్ళతో మాట్లాడటం మానేస్తాను.

ఆయన కొల్లేరు పక్కన చేపల చెరువులు చేస్తారు. ఇల్లు ఏలూరులో. నేను తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. మా నాన్న నా చిన్నతనంలోనే పోయారు. మగదిక్కు లేని ఇంట్లో, నీళ్ళు మోయడం దగ్గర్నుంచి అన్ని పనులూ చేస్తూ పెరిగినవాణ్ణి, పెళ్ళయ్యాక ఒక్కసారిగా అల్లుడుగారినైపోయాను. ఆ ఇంట్లో అడుగు పెడితే ఫ్యాను నా వైపు తిరుగుతుంది. చేపల పులుసులో నడిమి ముక్కలన్నీ నా కంచంలోకే వస్తాయి. నేను కుర్చీ ఒకటి ఇటునుంచి అటు జరిపితే చాలు, అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొస్తారు. అల్లుడిచేత పని చేయించుకున్నారన్న మాట వాళ్ళకి తలవంపులు. మావగారైతే తన చెయ్యి ఖాళీ లేకపోయినా నా చేతిలో సంచీ లాక్కునేవారు. ఆ మర్యాదకి ఎంత పొంగిపోయేవాణ్ణో అంత ఉక్కపోతగానూ ఉండేది. చుట్టంగానే ఉండిపోయానేమోనని లోపల చిన్న దిగులు.

ఒక వానాకాలం చెరువుగట్టు మీద జారిపడి ఆయన తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఊతకర్ర పట్టుకుని నడవగలిగేదాకా వచ్చారు. కానీ మోటార్‌సైకిల్ ఎక్కకూడదన్నారు డాక్టరుగారు. అంతకుముందు రోజూ తెల్లవారుతూనే బండెక్కి చెరువుల దగ్గరికి పోయే మనిషి, వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బళ్ళని చూస్తుండేవారు. మా ఆవిడ ఒక్కతే కూతురు, చెరువులు చూసుకునే కొడుకులు లేరు. లీజుకిచ్చేసి హాయిగా ఉండమని బంధువులందరూ చెవిలో జోరీగల్లా పోరారు.

“ఆదివారం ఆదివారమైనా వెళ్ళి కళ్ళతో చూసుకోగలిగితే ఉంచుతానండీ. అదీ కుదరకపోతే ఇచ్చేస్తాను,” అన్నారు మావగారు ఒకరోజు, పేపరు మడతపెడుతూ. చాలా మామూలుగా అన్నారు. ఆయన చెయ్యి మాత్రం ఆ పేపర్ని మళ్ళీ మళ్ళీ మడతపెడుతూనే ఉంది.

ఆదివారాలు నేను తీసుకెళ్తానన్నాను. మొదటిసారే నా చిన్న కారు గట్టు మీద బురదలో కూరుకుపోతే ట్రాక్టరు కట్టి లాగించారు. ఆయన లోపల కూర్చుని “మీకెంత శ్రమండీ, మీకెంత శ్రమండీ” అంటూనే ఉన్నారు. ఆ కోపంలోనే పోయి, నాలుగు చక్రాలూ కలిసి లాగే పెద్ద ఎస్.యూ.వీ. ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజను బాగుంది, గేర్లు బాగున్నాయి. టైర్లు మాత్రం నున్నగా బోడిగుండ్లలా ఉన్నాయి.

ఇక్కణ్ణుంచి నాకు పిచ్చి పట్టింది. టైరు పక్కన 235/65 R17 అని ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. మధ్యది, ఆ వెడల్పులో నూటికి ఎంత భాగం రబ్బరు ఎత్తుందో చెబుతుంది. చివరిది లోపలి చక్రం అడ్డకొలత, అంగుళాల్లో. పదిహేడు తీసి పంతొమ్మిది అంగుళాల అల్లాయ్ చక్రం వేసుకోవచ్చు, కానీ బయటి చుట్టుకొలత పెరగకూడదు కాబట్టి రబ్బరు ఎత్తు తగ్గించుకోవాలి. అప్పుడు 235/55 R19 అవుతుంది. చూడటానికి కారు పెళ్ళికొడుకులా ఉంటుంది. ఈ లెక్కలు బోర్డు మీద పిల్లలకి కూడా చెప్పేశాను. అన్నం తింటూ వీడియోలు చూసేవాణ్ణి. “చక్రాల్ని చూసినట్టు నన్ను పెళ్ళిచూపుల్లో కూడా చూళ్ళేదు మీరు,” అనేది మా ఆవిడ.

నిజం చెప్పాలంటే చూడటం వరకే నా సరదా. గతుకుల గట్లకి పదిహేడే మంచిదని నాకు తెలుసు. కానీ అంతకుముందు అత్తిలిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, పెద్ద పెద్ద చక్రాలున్న ఎవరిదో కారు పక్కన మావగారు ఆగి, “ఎంత దర్జాగా ఉందండీ!” అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అరుగుకి పరిమితమైపోయిన మనిషికి ఆ దర్జా ఇవ్వాలనిపించింది. అటు మా ఆవిడ, నేను రాత్రీ పగలూ పంతొమ్మిది అంగుళాలవే చూస్తున్నానని ఫోన్లో తండ్రికి నవ్వుతూ చెప్పిందట. ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది.

ఏలూరులో టైర్ల షాపుకి ఇద్దరం వెళ్ళాం. షాపాయన కుర్చీలు వేయించి, కూల్‌డ్రింకులు తెప్పించి, “ఏ సైజు వెయ్యమంటారండీ?” అని అడిగాడు.

“అల్లుడుగారి ఇష్టమండీ,” అన్నారు మావగారు.

“అబ్బే, మావగారు ఎలా అంటే అలాగేనండీ,” అన్నాను నేను.

“నాదేముందండీ, నడిపేది మీరు.”

“కూర్చునేది మీరు కదండీ.”

షాపాయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. గట్ల మీద తిరగడానికి ఏది మంచిదని అడిగితే, “పెద్దవారు మీరుండగా నేను చెప్పేదేముందండీ,” అన్నాడు. గోదావరి నీళ్ళు అందరం తాగినవాళ్ళమే మరి. చివరికి మావగారే చేతికర్రతో గోడకున్న పంతొమ్మిది అంగుళాల చక్రాన్ని చూపించి, “అవి బాగున్నట్టున్నాయండీ,” అన్నారు. అవి నాకోసం అడిగారని నాకు తెలియదు. “నేనూ అదే అనుకుంటున్నానండీ,” అన్నాను. నేను ఆయన కోసం ఒప్పుకున్నానని ఆయనకి తెలియదు.

కారు తళతళలాడింది. పెద్ద రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. చెరువుల వైపు తిరిగాక తెలిసింది. పల్చటి రబ్బరు మీద ప్రతి గుంతా సీటులోకి వచ్చి తగులుతోంది. “ఎలా ఉందండీ?” అని అడిగాను. “భేషుగ్గా ఉందండీ,” అన్నారు. నాకు సుఖంగా లేదు, కానీ ఆయన ముచ్చటపడి ఎంచుకున్నవాటికి వంక పెట్టడం బాగుండదని ఊరుకున్నాను.

మరో ఆదివారం కూడా వచ్చారు. ఆ తర్వాత ఒక ఆదివారం ఎవరో చుట్టాలొస్తారన్నారు. ఇంకో ఆదివారం తల బరువుగా ఉందన్నారు. గూడెంలో పొద్దున్నే బయల్దేరి, గుండుగొలను దాటి ఏలూరు చేరేసరికి, ఆయన బట్టలు మార్చుకోకుండా అరుగు మీదే కూర్చుని ఉండేవారు. ఓ రోజు కాఫీ తాగుతుండగా చెప్పారు. “చెరువులు లీజుకిచ్చేద్దామనుకుంటున్నానండీ. ప్రతి వారం మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం బాగోలేదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చేసినా ఇంకా ఇబ్బందేనా? ఇంకా పరాయివాణ్ణేనా? ఆయన మీద అరవలేను కాబట్టి ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను. ఆవిడ అంతా విని, “వచ్చే ఆదివారం నేనూ వస్తాను,” అంది. లీజు తీసుకునేవాళ్ళకి మాటిచ్చే ముందు చెరువులు ఒకసారి తనకి చూపించమని తండ్రిని పట్టుబట్టి కారెక్కించింది. వెనక సీట్లో ఆయన పక్కనే కూర్చుంది.

గట్టు సగం దాటామో లేదో, “ఆపండి,” అంది. ఆపాను. “వెనక్కి తిరిగి చూడండి.”

మావగారు రెండు చేతులతో తలుపు పైనున్న పిడి పట్టుకుని, తుంటి సీటుకి తగలకుండా ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. మొహమంతా చెమట. నన్ను చూడగానే సర్దుకుని నవ్వబోయారు.

“నాన్నా, ఈ చక్రాలు నిన్నెవరు వేయించమన్నారు?” అంది.

“అల్లుడుగారికి సరదా కదమ్మా.”

“మరి మీకెవరు చెప్పారండీ?” అంది నా వైపు తిరిగి.

“మావగారికి ముచ్చట కదా అని...” అన్నాను.

మా ఆవిడ తల పట్టుకుంది. “మీ మర్యాదలు తగలెయ్య! ఒకళ్ళకి ఇష్టం లేనివి ఇంకొకళ్ళ కోసం వేయించుకుని, నొప్పిని నోరు మూసుకుని భరిస్తూ, ఆఖరికి చెరువులు వదిలేస్తున్నారా? నాన్నా, నీకేం కావాలో నీ నోటితో చెప్పు. చెబితేగానీ బండి కదలదు.”

చెరువులో పడవ మీద ఒకతను నీళ్ళలో పాతిన గెడలకి మేత కోసం తవుడు సంచులు కడుతున్నాడు. చేపలు వాటి చుట్టూ నీళ్ళు కదిలిస్తున్నాయి. ఆయన వాటినే చూస్తూ, “గోతిలో పడ్డప్పుడల్లా తుంటి కలుక్కుమంటోందండీ,” అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. “నాకు చెరువులు వదులుకోవాలని లేదు. నాకు ఇవి కావాలండీ.”

నాకు కళ్ళు మసకబారాయి. అంత నొప్పి దాచినందుకు కోపమూ, ఇన్నాళ్ళకి నాతో చెప్పినందుకు సంతోషమూ ఒకేసారి వచ్చాయి.

ఆ సాయంత్రమే మళ్ళీ షాపుకి వెళ్ళాం. పాత చక్రాలు అక్కడే ఉన్నాయి, వాటికి కొత్త టైర్లు వేస్తే చాలు. అప్పుడు కూడా మావగారికి పాత బుద్ధి పోలేదు. “వెనక రెండూ నాకోసం మార్చండి. ముందు రెండూ మీకు నచ్చినవే ఉంచుకోండి, దర్జాగా ఉంటాయి,” అన్నారు. నవ్వాపుకోలేకపోయాను. ఈ బండికి నాలుగు చక్రాలూ కలిసి తిరగాలనీ, ముందొక కొలతా వెనకొక కొలతా అయితే లోపల గేర్లు ఒకదాన్నొకటి పీక్కుంటాయనీ చెప్పాను. షాపాయన బురదలో పట్టుంటుందని 245/70 చూపించాడు. నేను వేళ్ళ మీద ఎత్తు లెక్కగట్టాను. కారు అంగుళంలోపే లేస్తుంది. ‘పర్వాలేదండీ’ అంటారనుకుంటూ మావగారి వైపు చూశాను.

“వద్దండీ,” అన్నారు. “ఇప్పటికే కష్టంగా ఎక్కుతున్నాను. ఇంకాస్త ఎత్తయితే నా కాలు లేవదు.”

ఎంత తేలిగ్గా అన్నారో! షాపులో ఉన్నామని మర్చిపోయి ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. కారుతో వచ్చిన కొలతే, 235/65 R17, నాలుగూ కొత్తవి వేయించాం. పంతొమ్మిది అంగుళాలవి షాపాయనకే ఇచ్చేశాం. కారు ఇప్పుడు పెళ్ళికొడుకులా లేదు, పెళ్ళి పనులు చేసేవాడిలా ఉంది.

తర్వాతి ఆదివారం మేం వెళ్ళేసరికి మావగారు చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. గట్టు మీద కారు మెత్తగా ఊగుతూ పోయింది. దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. ఏ చెరువులో శీలావతి చేప బాగా పెరుగుతుందో, ఏ గట్టుకి గండి పడబోతుందో, గూడబాతులు ఎంత చేప తినేస్తున్నాయో. లీజు మాట ఎత్తలేదు. చెరువు దగ్గర దిగి, చేపల బరువు చూడాలని మనిషిచేత వల వేయించారు. వల బరువెక్కింది. అతనొక్కడివల్లా కావడం లేదు.

నేను ఇస్త్రీ ప్యాంటుతో, బూట్లతో, ఎప్పట్లా పక్కన నిలబడి ఉన్నాను. మావగారు నా వైపు తిరిగారు.

“చూస్తారేంటండీ అల్లుడుగారూ, ఆ కొస పట్టుకుని లాగండి!”

బూట్లు కూడా విప్పకుండా బురదలోకి దిగిపోయాను.