చెప్పులు విప్పిన ఎత్తు

మొన్న గుడివాడ నుంచి ఒక ఫంక్షన్ హాలు మేనేజరు ఫోన్ చేశాడు. వేదిక మీద మాట్లాడేవాళ్లకు ప్రసంగం అక్షరాల్లో కనబడే సామాను కావాలట, నేల మీద పెట్టే టీవీ మంచిదా, ఎదురుగా స్టాండు మీద నిలబెట్టే గాజు పలక మంచిదా అని అడిగాడు. నేను హాలు కొలతలు అడక్కుండా, మాట్లాడే ఆయన చెప్పులతో ఎక్కుతారా, విప్పి ఎక్కుతారా అన్నాను. అదేం ప్రశ్నండీ అన్నాడు. ఈ పనిలో ఉన్నవాళ్లయితే ఈ ప్రశ్న వెనక ఏదో జరిగే ఉంటుందని ఊహించేవాళ్లు.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. మచిలీపట్నంలో మా అక్క భర్త, అంటే మా బావ, సభల సామాను అద్దెకిచ్చేవాడు. ఇంటర్ తప్పిన నేను అందులో చేరి, ఏ స్పీకరు ఎంత దూరం వినబడుతుందో, ఎన్ని లైట్లకు ఎంత కరెంటు కావాలో ఎవరూ చెప్పకుండానే లెక్కకట్టడం నేర్చుకున్నాను. నా జేబులో పెన్ను లేకపోయినా టేపు ఉండేది.

దివిసీమలో మా మావయ్య, అమ్మకు తమ్ముడు, బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. చర్చిలో కాగితం ముక్క లేకుండా గంటసేపు మాట్లాడగలిగిన మనిషి. చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గాక నడక తిరిగొచ్చింది గాని, మాట మధ్యలో జారిపోయేది. చల్లపల్లిలో ఒక పెళ్లిలో దంపతులను దీవిస్తూ అలాగే ఆగిపోయి, మైకు పక్కవాళ్లకిచ్చి దిగివచ్చాడు. తర్వాత ఏ సభకూ వెళ్లలేదు. ఊళ్లో కొత్తగా కట్టిన చర్చి తెరిచే ఆదివారం ఆయనే మాట్లాడాలని పెద్దలు పట్టుబట్టాక నన్ను పిలిపించాడు.

"ఈసారి కూడా ఆగిపోతే ఇంక జన్మలో మైకు పట్టుకోన్రా. ఏం పెడతావో నీ ఇష్టం" అన్నాడు.

నాలుగు రోజులు ఇదే లెక్క వేసుకున్నాను. కాగితం ఇద్దామంటే చెయ్యి వణికి, ఆ గరగర మైకులో వినబడుతుంది. నేల మీద టీవీ పెడితే తల వంచి చదవాలి, జనానికి ఆయన నెత్తి తప్ప ముఖం కనబడదు. గాజు పలకైతే కింద ఉన్న తెర మీది అక్షరాలు అందులో ప్రతిఫలించి ఆయనకొక్కడికే కనబడతాయి, చూసేవాళ్లకు అవతలికి కనబడే వట్టి గాజే. మా దగ్గరున్న పలక చిన్నది కావడంతో, కంటి ఎత్తు కాస్త అటూ ఇటూ అయినా ఒక వరుస పోతుందని తెలిసీ దాన్నే ఎంచుకున్నాను. బావ మాత్రం టీవీయే చాలంటాడు.

శనివారం చర్చిలో ఆయన్ని నిలబెట్టి నేల నుంచి కంటిదాకా ముమ్మారు కొలిచాను.

"ఏం బావమరిదీ, మీ మావయ్యకి చొక్కా కుట్టిస్తున్నావా?" అన్నాడు బావ.

మూడు వరుసలూ కనబడేలా గాజును ఎడమవైపు, ఆడవాళ్లు కూర్చునే దిక్కుగా బిగించాను. అత్తయ్య చాప మీద కూర్చుని, ఆయన చదువుతున్నంతసేపూ పెదాలు కదుపుతూనే ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడకది అలవాటు. ఆయన ఇంట్లో వల్లెవేసే ప్రతి ప్రసంగం ఆయనకంటే ముందు ఆవిడకు నోటికొచ్చేది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. మావయ్య లేచి, మెట్ల దగ్గర కాస్త ఆగి, పైకెక్కాడు. మొదటి వాక్యం వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది సగంలో ఆగింది.

నా ముందున్న తెర మీద మూడు వరుసలూ ఉన్నాయి, ఆయన మూడూ చదివేస్తేనే నేను తర్వాతివి జరపాలి. ఆయన మెడ చాచాడు, గడ్డం ఎత్తాడు. ఆయన కింది వరుస కోసం చూస్తున్నాడు, నేను ఆయన నోటి కోసం చూస్తున్నాను. అయిదు సెకన్లు, ఆరు, ఏడు. పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మావయ్య చెయ్యి మైకు మీదకు వెళ్లింది, పక్కకు ఇచ్చేయడానికే అని నాకు అర్థమైంది.

"ఒరేయ్, మావయ్య కాళ్లు చూడరా!" అంది అత్తయ్య, చాప మీంచి.

చూశాను. వట్టి కాళ్లు. షుగరు ఉందని ఆయన ఇంటా బయటా వేసుకునే మందపాటి చెప్పులు మెట్ల కింద ఉన్నాయి. ప్రార్థన జరిగే చోట చెప్పులతో ఎవరూ ఎక్కరు. నావీ గుమ్మం బయటే ఉన్నాయి. శనివారం పని హడావుడిలో అందరం చెప్పులతోనే తిరిగాం, నేను వాటితో కలిపే కొలిచాను. ఇప్పుడు కన్ను ఒకటిన్నర అంగుళాలు కిందికి దిగింది, గాజులో కింది వరుస పోయింది.

నేను పాక్కుంటూ వెళ్లి, వేదిక మీది జంపఖానా అంచును నాలుగు మడతలు పెట్టి ఆయన పాదాల దగ్గరకు తోశాను. ఈలోగా అత్తయ్య, ఇంట్లో కూర ఏం చేయమంటారు అని అడిగినంత మామూలుగా, ఆగిపోయిన మాట తర్వాతి మాట అందించింది. ఆయన అందుకున్నాడు. మడతల మీద కాలు పెట్టాడు. ఇంక ఎక్కడా ఆగలేదు.

అయిపోయాక, గాజు పనిచేసిందా అని భయంగా అడిగాను.

"పనిచేసిందిరా. అందులోంచి మీ అత్తయ్య కూడా కనబడింది. ఏది చూసి చదివానో మాత్రం అడక్కు" అన్నాడు.

ఇప్పుడు గాజు ఎత్తు బటను నొక్కితే మారుతుంది, మాట వింటూ అక్షరాలు వాటంతటవే కదులుతాయి. కొన్నాళ్లు చెప్పుల సంగతి అయ్యాక ఇంకోటి కూడా అడిగేవాణ్ణి, ఈయన మాటలు ముందే తెలిసినవాళ్లు ఎవరైనా ముందు వరుసలో కూర్చుంటారా అని. ఎవరూ ఉండరండీ, ప్రసంగం ఆఫీసువాళ్లు నిన్ననే రాసి పంపారు అనేవాళ్లు. అడగడం మానేశాను. గాజును మాత్రం ఇప్పటికీ ఎడమవైపే బిగిస్తాను.