కొత్తపేట సిగ్నల్ దగ్గర నల్ల కవర్లు

ఆ రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్లో, మాకు సిగ్గు ఎక్కువ, తెలివి తక్కువ. (తెలివి కోసమే కోచింగ్‌కు వచ్చాం కాబట్టి దాని సంగతి వదిలేయండి.) ఒంగోలు నుంచి వచ్చిన నేను మెడికల్ షాపులో ప్యాడ్లు అడగాలంటే, మగవాళ్లంతా వెళ్లిపోయేదాకా దగ్గుమందు సీసాల మీద రాతలు చదువుతూ నిలబడేదాన్ని. షాపతను ప్యాకెట్టును న్యూస్‌పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, దొంగసొత్తులా చేతికిచ్చేవాడు. అలాంటి నేను ప్యాడ్ల విరాళాలకు పూనుకున్నానంటే కారణం మా నల్గొండ రూమ్మేట్. వాళ్లక్క ఎల్బీనగర్ అవతల సర్కారు బడిలో టీచరు. "ఆ రోజులొస్తే మా పిల్లలు బడికి రారు. ఇంట్ల కొనే దిక్కు లేదు. సోమవారం సంది పదో తరగతి పరీక్షలు, ఎట్ల రాస్తరో ఏమో" అని ఆవిడ ఫోన్లో అంటుంటే మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

హాస్టలంతా కదిలింది. అయితే అమ్మాయిలు ఇచ్చిన ప్రతి ప్యాకెట్టూ నల్ల కవర్లోనే వచ్చింది. అది చాలదన్నట్టు ఒక్కో కవరుకీ నేను ముడి మీద ముడి వేసి, శనివారం పొద్దున బడికి తీసుకెళ్దామని మెట్ల కింద పేర్చి, టిఫిన్‌కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మెట్ల కింద ఖాళీ. హాస్టల్ ఓనరు (ఇక్కడి పాత ఊరి కుటుంబం, మేం పటేల్ అంకుల్ అనేవాళ్లం) చేతులు దులుపుకుంటూ కనిపించారు.

"చెత్త అట్లనే ఇడిసిపెట్టి పోతరేంది బిడ్డా? నేనే చెత్త ఆటోల ఏసిన" అన్నారు.

"అది చెత్త కాదండీ అంకుల్, పుస్తకాలు" అన్నాను.

"పుస్తకాలు గంత మెత్తగుంటయా?"

"అంటే, బట్టలండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూస్తుంటే రూమ్మేట్‌కి ఓపిక నశించింది. "ప్యాడ్లు అంకుల్. నెలనెలా వాడేటివి. బడి పిల్లలకు ఇద్దామని జమ చేసినం" అనేసింది. నేను భూమి చీలితే బాగుండుననుకుంటూ చెప్పుల వైపు చూస్తున్నాను. అంకుల్ గబగబా స్కూటర్ తీసి, "జల్ది ఎక్కుండ్రి" అన్నారు.

మెట్రో పిల్లర్ల పక్కన ముగ్గురం ఒకే స్కూటర్ మీద (తప్పే, ఒప్పుకుంటాను) వెళ్లి కొత్తపేట సిగ్నల్ దగ్గర చెత్త ఆటోను పట్టుకున్నాం. పక్కనే సిటీ బస్సు నిండా జనం. అంకుల్ గొంతెత్తారు. "ఓ తమ్మీ, జర ఆపు. గా నల్ల కవర్లల్ల ప్యాడ్లున్నయ్. మా ఆడపిల్లలయి, బడికి ఇచ్చేటియి." బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. నేను చున్నీతో మొహం కప్పుకున్నాను. ఆటో అతను మాత్రం తాపీగా, "ముందుగాల చెప్పద్దా సార్, మా ఇంట్ల సుత ఆడపిల్లలున్నరు" అంటూ, ఆటో పక్కన వేలాడుతున్న గోనెసంచి విప్పి ఇచ్చాడు. మా అదృష్టం, కవర్లు తడి చెత్తలో కలవలేదు.

అటునుంచి అటే బడికి వెళ్లాం. నేను వేసిన ముళ్లు విప్పలేక టీచరక్క కత్తెర తెప్పించింది. పైకవర్లు పారేసి, ప్యాకెట్లు బల్ల మీద పేరుస్తూ ఆవిడ కళ్లు తుడుచుకుంటే, అంకుల్ గోడ మీది హిందీ అక్షరాలు చదవడం మొదలుపెట్టారు. సోమవారం సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పింది. "అందరు ఒచ్చిండ్రు." మర్నాడు హాస్టల్ గుమ్మంలో, చెప్పుల స్టాండ్ పక్కన, ఒక అట్టపెట్టె వెలిసింది. దాని మీద అంకుల్ లావుపాటి అక్షరాలు: బడి పిల్లలకు ప్యాడ్లు ఇందులో వెయ్యండి. నల్ల కవర్లు వద్దు.

ఇప్పుడు ఎల్బీనగర్‌లోనే ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆ పెట్టెలో నా వంతు నెలనెలా పడుతూనే ఉంది. మెడికల్ షాపులో "అన్నా, పేపర్ వద్దు, అట్లనే ఇయ్యి" అంటాను (అంకుల్ యాస తెలియకుండానే వచ్చేస్తుంది). ఆయన ఆ రోజు సిగ్నల్ దగ్గర అలా అరిచినందుకు నాకెంత కృతజ్ఞతో చెప్పలేను. అరవకపోయుంటే ఇప్పటికీ షాపు ఖాళీ అయ్యేదాకా నిలబడి ఉండేదాన్ని. దగ్గుమందుల గురించి మాత్రం మీకేం సందేహం వచ్చినా నన్నడగండి.