నేను కోసిన దొంగ గాట్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మొదలుపెట్టే ముందే ఒక మాట ఒప్పుకుంటాను, నాకు టైఫాయిడ్ రాలేదు, నేను సారా ముట్టలేదు, ఏ దవాఖానాలోనూ డాక్టర్లు నా మీద ఆశ వదులుకోలేదు, మన సంఘంలో సాక్ష్యం చెప్పాలంటే కనీసం ఒక ఆపరేషనైనా అయి ఉండాలని చిన్నప్పటినుంచీ అనుకుంటూ వచ్చినవాణ్ణి కాబట్టి పాస్టరుగారు పత్రికకు రాసి ఇమ్మన్నప్పుడు కొంచెం సిగ్గే అనిపించింది. అయినా పోయిన సంవత్సరం నేను నడిచిన చీకటి చీకటే. కాకపోతే అది పగటిపూట, ట్యూబులైట్ల కింద, పది నుంచి ఐదు దాకా, మధ్యన అరగంట భోజన విరామంతో నడిచిన చీకటి.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు కాస్త ఇవతల, ఒక చెప్పుల దుకాణం మీది మేడలో మా హాలు ఉండేది. ఎనిమిది యంత్రాలు, ఎనిమిది మంది మనుషులు, ఒక సూపర్‌వైజరు. కాగితాల మీద ఉన్న అంకెలను అట్టకార్డుల మీద చిల్లులుగా మార్చడం మా పని. ఆ కార్డులను పెట్టెల్లో పెట్టి నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కిస్తే అవి బొంబాయి పోయి అక్కడున్న కంప్యూటర్‌లో పడేవి, లెక్క తేలాక మళ్లీ మా దగ్గరికే తిరిగివచ్చేవి. నేను ఆ కంప్యూటర్‌ను ఎన్నడూ చూడలేదు. మా అమ్మ మాత్రం సంఘంలో ప్రతివారికీ నా కొడుకు కంప్యూటర్ నడుపుతడని చెప్పింది, స్త్రీల సమాజంలో అయితే రెండుసార్లు చెప్పింది, నేను కాదంటే నాకు వినయం ఎక్కువని అదీ కలిపి చెప్పింది.

పని పద్ధతి ఇది. మొదట ఒకరు కాగితం చూసి కార్డు మీద అంకెలు కొడతారు, మా జోడీలో ఆ పని రాజమణి అక్కది. తరువాత రెండోమనిషి అదే కాగితం ముందు పెట్టుకుని, అదే కార్డును ఇంకో యంత్రంలో పెట్టి, అవే అంకెలను మొదటినుంచి మళ్లీ కొట్టాలి. రెండూ కలిస్తే ఆ యంత్రమే కార్డు అంచున చిన్న గాటు కోస్తుంది, కలవకపోతే ఎర్రదీపం వెలుగుతుంది. గాటు ఉన్న కార్డు సరైన కార్డు. ఆ రెండోమనిషిని నేను. ఇంకొకరు చేసిన పనినే తిరిగి చేయడం నా ఉద్యోగం, అందులోనూ అందరికంటే నేనే ఆలస్యం, ఎందుకంటే కార్డుకూ కార్డుకూ మధ్య ఏదో ఒక హాస్యం ఆడకపోతే నాకు తోచేది కాదు.

ఒకరోజు బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. మా సూపర్‌వైజరు నర్సింగ్‌రావు సార్, పాత హైదరాబాదు మనిషి, ఎండాకాలంలో కూడా కోటు విప్పనివాడు, దాన్ని ఇంగ్లీషులో ఒకసారి చదివి, కళ్లద్దాలు తీసి, మనభాషలో చెప్పాడు. “అమెరికాల మన కంపెనీ కంప్యూటర్ల యాపారం మొత్తం ఇంకో పెద్ద కంపెనీకి అమ్మేసిన్రంట. గీ హాలు, గీ మిషన్లు, మనం, అందరం అండ్లనే వస్తం.”

“మనల్ని ఎవలన్న అడిగిన్రా సార్?” అంది రాజమణి అక్క.

“కుర్చీలను అడిగిన్రా, నిన్ను అడుగనీకి.”

అందరం నవ్వాం. సాయంత్రానికి ఎవరూ నవ్వడం లేదు. కొన్న కంపెనీ మనిషి ఆరు వారాల్లో వస్తాడని, యంత్రాలతోపాటు మనుషులనూ జాబితా రాసుకుంటాడని, ఎవరు రోజుకు ఎన్ని కార్డులు చేస్తున్నారో రిజిస్టరులో చూసి ఆలస్యమైనవాళ్లను పంపేస్తాడని హాలులో మాట పుట్టింది. అది ఉత్తరంలో ఉందో, మేమే పుట్టించుకున్నామో నాకు ఇప్పటికీ తెలియదు. రిజిస్టరులో ఆఖరి పేరు నాదని మాత్రం తెలుసు. నాయన పోయాక మా ఇంట్లో ఉద్యోగమున్నది నేనొక్కడినే. అంతకన్నా ఎక్కువగా, కంప్యూటర్ నడిపే కొడుకు ఇంట్లో కూర్చుంటే అమ్మ స్త్రీల సమాజానికి ఏ ముఖంతో వెళ్తుందన్న ఆలోచన నన్ను తినేసింది, సహోదరులారా, నేను హాస్యాలు మానేశాను, అన్నం సహించలేదు, ప్రభువా నా వేళ్లకు వేగం ఇవ్వు అని పదిరోజులు ప్రార్థించాను. పదకొండో రోజున కూడా నా వేళ్లు నా వేళ్లలాగే ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని రాస్తున్నాను. నాంపల్లిలో మా వాటా పక్కవాటాలో రైల్వే టికెట్ కలెక్టరు యాదయ్య మామ ఉంటాడు, ఆయన దగ్గర టికెట్లకు గాటు పెట్టే పాత పటకారు ఒకటి పడి ఉండేది. నడుంపట్టీకి ఇంకో చిల్లు వేసుకోవాలని అడిగి తెచ్చుకున్నాను. సన్నబడ్డాను కాబట్టి ఆయన నమ్మాడు. ఆ పటకారుతో కార్డు అంచు నొక్కితే చూపుకు అచ్చం మా యంత్రం కోసినట్టే గాటు పడింది. కాగితం చూడనక్కర్లేదు, అంకెలు మళ్లీ కొట్టనక్కర్లేదు, ఎర్రదీపం గొడవ లేదు. నాలుగు కార్డులు నిజంగా కొట్టి, నలభై కార్డులకు బల్లకింద గాట్లు కోసేవాణ్ణి. రెండు వారాల్లో రిజిస్టరులో నా పేరు ఆఖరి నుంచి మొదటికి వచ్చింది. నర్సింగ్‌రావు సార్ నా భుజం మీద చెయ్యివేసి, నోరు బందు పెడితే చేతులు ఎట్ల నడుస్తున్నయో చూసినవా అన్నాడు. ఆ వారాల్లో మా హాలులో జరుగుతున్న పని పదో తరగతి పరీక్షల మార్కులు.

ఇంతవరకు అయితే అది ఆఫీసు దొంగతనం. తరువాతది ఇంకా ఘోరం. నెల మొదటి ఆదివారం సాక్ష్యాల వేళ అమ్మ మోచేత్తో పొడిచింది, నేను లేచాను, మీలో చాలామంది విన్నారు కూడా. ప్రభువు నా వేళ్లకు వేగమిచ్చాడని, వెనకున్నవాణ్ణి ముందుకు తెచ్చాడని, దేవునికే మహిమ అని చెప్పి కూర్చున్నాను. మీరంతా చప్పట్లు కొట్టారు. దొంగ గాటు నేను కోసి, దాని కింద దేవుని సంతకం పెట్టాను. ఇటువంటి తప్పు బయటివాళ్లు చేయలేరు, దీనికి సంఘంలో పుట్టి పెరిగి ఉండాలి.

ఆ తరువాత ఫలితాలు వచ్చాయి. వచ్చిన ఆదివారమే మన ప్రకాశం మాస్టారు, మెదక్ నుంచి వచ్చి ఇక్కడ మిషన్ బడిలో చెప్పే ఆయన, ప్రార్థన మనవుల వేళ లేచి నిలబడ్డారు. ఆయన కూతురు సువార్తకు లెక్కల్లో పదిహేడు మార్కులు వచ్చాయి, పిల్ల తప్పింది. “డెబ్బై ఒకటికి తక్కువ రావడానికి వీల్లేదు, ఎక్కడో పొరపాటు జరిగింది, అది బయటపడేటట్టు అందరూ ప్రార్థించండి” అన్నారు. పదిహేడు, డెబ్బై ఒకటి. రాజమణి అక్క అలవాటుగా చేసే తప్పు అదే, అంకెలు ముందువెనకలు కొట్టడం, నా ఎర్రదీపం అలాంటివి నెలకు మూడు నాలుగు పట్టుకునేది. పొరపాటు బయటపెట్టమని రెండువందల మంది మోకాళ్ల మీద దేవుణ్ణి అడుగుతున్నారు, వాళ్లలో నేనూ ఉన్నాను, పెద్దగా ఆమెన్ అన్నవాళ్లలో కూడా ఉన్నాను.

సోమవారం పొద్దున పనికి పోతూ పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. మా హాలు మెట్లు ఎక్కడానికి కాళ్లు రాలేదు. చుట్టూ కవర్లు అంటించేవాళ్లు, మనియార్డరు ఫారాలు రాసిచ్చేవాళ్లు. కళ్లు మూసుకుంటే ఎవరైనా చూస్తారని కళ్లు తెరిచే ప్రార్థించాను, ఆ ప్రార్థన నాకు మాటకు మాట గుర్తుంది. “ప్రభువా, నేను వేగం అడిగిన, నువ్వు ఇయ్యలే, నేనే చేసుకొని నీ పేరు చెప్పిన. ఉద్యోగం పోతే పోనీ. అమ్మకు నువ్వే చెప్పుకో, నాకు చాతగాదు. ఆ మెట్లు ఎక్కనీకి మాత్రం కాళ్లియ్యి.” అంతే. ఆకాశం తెరుచుకోలేదు, నా ముందు హిమాయత్‌నగర్ బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది. అయితే ఆరు వారాలుగా నన్ను తింటున్న ఆ భయం లేదు. తడిమి చూసుకున్నాను, లేదు. ఇది మాత్రం నేను హాస్యానికి రాయడం లేదు.

పైకి వెళ్లి నర్సింగ్‌రావు సార్ బల్ల మీద పటకారు పెట్టి అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక కార్డుల కట్ట తెప్పించి అంచు మీద వేలు నడిపాడు. యంత్రం కోసిన గాటు నున్నగా ఉంటుంది, నాది గరుకుగా ఉంది. వేలితో తడిమితే నా పాపాలు ఒక్కొక్కటి తగులుతున్నాయి.

“రైల్వే గాటు నా కార్డులకు పెట్టినవా?” అన్నాడు చివరికి. ఇంకా అన్నాడు, “శుక్రవారం కొన్న కంపెనీ సార్ వస్తడు. మార్కుల కాగితాలు ఇంక బీరువల్నే ఉన్నయి. కూసో. గరుకు తగిలినయన్ని రాత్రింబగళ్లు మల్ల కొట్టు.”

రాజమణి అక్క తన పని పక్కన పెట్టి, వేలితో తడిమి నా దొంగ కార్డులు ఏరి ఇచ్చింది. మూడోరోజు సాయంత్రం ఒక్కమాట అంది, “నేను తప్పు కొడితే నువ్వు పట్టుకుంటవని ధైర్నంగ కొట్టిన తమ్మీ.” సహోదరులారా, నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్నింట్లో నిద్రపోయాను, ఈ ఒక్క ప్రసంగంలో మాత్రం నిద్రపోలేదు.

కొట్టినకొద్దీ ఎర్రదీపం వెలిగింది. మొత్తం నాలుగుసార్లు. నలుగురూ నాకు తెలియని పిల్లలు. ముగ్గురికి మార్కులు పెరగాలి, అందులో ఒకడు తప్పినట్టు వచ్చి నిజంగా పాసైనవాడు. నాలుగోవాడికి మార్కులు తగ్గాలి, పాసు మాత్రం పోదు. అదీ రాయాలి కాబట్టి రాశాను. పరీక్షల ఆఫీసుకు ఉత్తరం వెళ్లింది, వాళ్లు దిద్దుకున్నారు. ఇక సువార్త కార్డు. దాన్ని ఆఖరున, ఒక్కొక్క అంకె కాగితంలో రెండుసార్లు చూసుకుని కొట్టాను. ఎర్రదీపం వెలగలేదు. యంత్రం నున్నటి గాటు కోసి కార్డును బయటికి తోసింది. కాగితంలో పదిహేడు, కార్డులో పదిహేడు.

శనివారం మాస్టారింటికి వెళ్లి, నేను చేసిన తప్పు మొదట చెప్పి, సువార్త కార్డు మటుకు సరైనదేనని తరువాత చెప్పాను. “అంటే మా పిల్లకు లెక్కలు రావన్నట్టు” అన్నారు మాస్టారు.

లోపలి నుంచి సువార్త అంది, “సగం పేపరు రాయలేదని నేను మొదటిరోజే చెప్పిన నాయినా. నువ్వే ప్రార్థన పెట్టించినవ్.”

పొరపాటు బయటపడాలని సంఘమంతా అడిగింది, నాలుగు బయటపడ్డాయి, మేము అడిగినది తప్ప. దేవుడు ప్రార్థన వినలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన విన్నాడు, కాకపోతే మేము రాసిచ్చిన చిరునామాకు వెళ్లలేదు.

కొన్న కంపెనీ మనిషి శుక్రవారమే వచ్చిపోయాడు. నర్సింగ్‌రావు సార్ దాచకుండా అంతా చెప్పాడు. కోపంతో కాదు, లెక్క సరిగా ఉండాలన్నట్టు చెప్పాడు. ఆ మనిషి నన్నొకసారి చూసి కాగితం మీద ఏదో రాసుకుని, తరువాత కుర్చీలు లెక్కపెట్టాడు. నన్ను గాట్ల పని నుంచి తీసేసి పెట్టెలు కట్టే పనిలో వేశారు. నాకు తగినదే.

మరుసటి ఆదివారం నేను ఎవరూ పొడవకుండానే లేచాను. నెల మొదట్లో చెప్పిన సాక్ష్యం అబద్ధమని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని అన్నాను. మన సంఘపెద్ద ఒకాయన అలవాటు ప్రకారం హల్లెలూయా అనేసి, తరువాత ఎందుకన్నానా అన్నట్టు చుట్టూ చూశారు. కంప్యూటర్‌ను నేను చూడను కూడా చూడలేదని చెప్పేశాను, ఎలాగూ లేచాను కదా అని. ఈసారి చప్పట్లు లేవు. అమ్మ తల వంచుకుని కూర్చుంది.

ఆమె, నేను నాంపల్లి దాకా నడిచివచ్చాం. స్టేషను దాటేదాకా ఆమె ఒక్కమాట మాట్లాడలేదు, నేను కూడా హాస్యమేదీ ఆడలేదు, రెండూ మా ఇంట్లో అరుదైన సంగతులు. ఇంటి గొళ్లెం తీస్తూ అంది, “ఇయ్యాల నువ్వు చెప్పినట్టుండె బిడ్డా. మొన్నటిది ఎవలో చెప్పినట్టుండె.” తరువాత అన్నం పెట్టింది. నేను తిన్నాను, రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

ఇంకొక్కటి. మూడు నెలలకు ఆ కంపెనీవాళ్లు అబిడ్స్ హాలు మొత్తానికే మూసేశారు. వేగమైనవాళ్లూ ఆలస్యమైనవాళ్లూ అందరం ఒకే రోజున మెట్లు దిగాం. రిజిస్టరు ఎవరూ తెరిచి చూడలేదట. నేను అంత భయపడి, అంత పాపం చేసింది ఎవరూ చూడని ఒక పుస్తకంలో ముందు నిలబడడానికి! ఇప్పుడు నేను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నాను. ఆలస్యంగానే దిద్దుతాను, కానీ చూసి దిద్దుతాను. ఆ ఉద్యోగం నాకు చెప్పింది రాజమణి అక్క.

నన్ను భయం నుంచి విడిపించినవాడికి, అబద్ధంలో ఆయన పేరు వాడుకున్నా నన్ను తోసివేయనివాడికి, మెట్లు ఎక్కడానికి కాళ్లిచ్చినవాడికే మహిమ కలుగును గాక. ఇది చదివే మీలో ఎవరైనా దేవుడు చేయని పనిని ఆయన చేశాడని చెప్పి కూర్చుని ఉంటే, ప్రతివారం ఆ బరువుతోనే గుడికి వచ్చిపోతుంటే, లేచి వెనక్కి తీసుకోండి. చప్పట్లు ఉండవు, అది ముందే చెబుతున్నాను. అయినా ఆయనను నమ్మి ఒకసారి లేచి చూడండి, ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహిస్తుంది.