పంటి కింద గింజ

దరుస్ కుడిచెయ్యి ఇప్పటికీ ఊరుకోదు. మలేషియాలోని కెడా రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టి నాలుగేళ్లయింది, ఊరంతా ఎమ్మెల్యేలని పిలిచినట్టు "వైబీ గారూ" అంటోంది. అయినా వడ్లబస్తా కనిపిస్తే చాలు, ఇస్త్రీ చొక్కా చెయ్యి అందులోకి దూరిపోతుంది. ఓ గింజ తీసి ఎడమ దవడ కింద పెట్టి కొరుకుతాడు. ఫట్‌మంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే నెమ్ము ఉన్నట్టు. తేమ కొలిచే మిషను పెట్టి, నెమ్ము పేరు చెప్పి మిల్లులు తరుగు తీస్తున్న రోజుల్లో, ఎన్నికలప్పుడు లారీ ఎక్కి ఇలాగే కొరికి చూపించి, "మన పన్ను కంటే వాళ్ల మిషను గొప్పదా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకే రైతులు ఓట్లు గుమ్మరించారు.

ఈ కోతలకి దరుస్ ఓ మిల్లు మేనేజరు గదిలో టీ తాగుతుంటే, పక్క పొలం సలామా గుప్పెడు వడ్లతో లోపలికొచ్చింది.

"వందకి పాతిక కిలోలు తరుగు తీశారు తమ్ముడూ! నువ్వే కొరికి చెప్పు."

ఆలోచించేలోపే గింజ దవడ కిందికి పోయింది. ఫట్‌మంది. మేనేజరు తలెత్తి చూశాడు. పొద్దున దరుస్ సొంత వడ్ల లారీకి వందకి పన్నెండు కిలోల తరుగుతో సరిపెట్టింది ఈ మేనేజరే.

"నా పళ్లు పాడైపోయాయక్కా," అన్నాడు దరుస్. "మిషను చెప్పిందే ఖాయం."

"పళ్లకేం, రాళ్లలా ఉన్నాయి. బయట లైన్లో ఉన్నోళ్లక్కూడా వినపడింది, వైబీ గారూ."

సలామా మిగిలిన వడ్లు ఆయన సాసరులో పోసి వెళ్లిపోయింది. తివాచీ మీద ఉమ్మలేక, దరుస్ నోట్లోని గింజని ఊకతో సహా, మేనేజరు పోసిన టీతో మింగేశాడు.