హులిగమ్మ కొప్పులో పూలు

“నీకు బతికిన బిడ్డలెంతమందే?”

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే నాగేశ్వరయ్య భార్య ఇందిరమ్మ, ఇంటినిండా పేరంటాళ్లుండగా హులిగమ్మను అడిగిన మాట ఇది. 1937 ఎండాకాలం. కోడలు విశాలాక్షికి ఏడో నెల. పూలు ముడిపించే వేడుక. పీట మీద కూర్చున్న కోడలి జడలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు తలా ఒక మూర పూలు పెట్టి దీవిస్తారు.

హులిగమ్మ పూలమ్మే మనిషి. ఎమ్మిగనూరు వైపు తోటల్లో మల్లెలు తీసుకుని, తడిగుడ్డలో చుట్టుకుని, మొదటి బస్సుకు ఆదోనిలో దిగేది. ఆ వీధిలో ఏ కడుపుతో ఉన్న పిల్ల జడకైనా ఆమె కట్టిన పూలే. ఆ పొద్దు దండలిచ్చి ఊరుకోక, జారుతున్న పూలను సర్దబోయింది. అందుకే ఆ ప్రశ్న.

“ముగ్గుర్ని కన్నానమ్మా. ఒకరూ దక్కలేదు.”

“అయితే చెయ్యి తియ్యి. ఆడ గడప కాడ కూచో.”

ఆమె కట్టిన పూలు పనికొస్తాయి, చెయ్యి పనికిరాదు. ఈ న్యాయం అక్కడెవరికీ వింతగా తోచలేదు. హులిగమ్మకూ తోచలేదు. ఆమె దిగులు వేరు. ఆమెకు మళ్లీ అయిదో నెల. బయటికి పొక్కితే దిష్టి తగులుతుందని మొగుడు ఓబన్న ఆమె నోరు కట్టేసినాడు. ఇన్ని జడలకు పూలు కట్టిన మనిషి తలలో, ముందు మూడు కాన్పులకూ ఎవరూ ఒక్క మూర పెట్టలేదు. ఈసారైనా ఎవరైనా పెడితే బాగుండునని ఆశ. అడగడానికి నోరు రాదు.

గడప దగ్గర కూర్చుంటూ ఆమె నడుం పట్టుకున్న తీరు పీట మీదనుంచి విశాలాక్షి చూసింది.

“హులిగమ్మా, నీకెన్నో నెల?”

“అయిదమ్మా. ఎవురికీ సెప్పలేదు.”

“ఇంతమందిలో సెప్పేసినావు గదే!” అని ఎవరో నవ్వారు.

“అత్తా, ఆమెను నా పక్కన కూచోబెట్టండి,” అంది విశాలాక్షి.

“పూలమ్మేదాన్ని పీట మీదనా?”

పక్కింటి శాంతకుమారి ఎనిమిదిమందిని కన్న తల్లి. “పీట వద్దంటే చాప ఎయ్యి ఒదినా. నువ్వు ఆలోచించేలోపల ఆమె కనేసేట్టుంది,” అంది.

చాప పడింది. ఒక్కొక్కరే వచ్చి హులిగమ్మ కొప్పులోనూ పూలు పెట్టారు. “చాలమ్మా, చాలు,” అంటూనే ఆమె తల వంచింది. చివర ఇందిరమ్మ కూడా పెట్టింది, కాస్త గట్టిగానే గుచ్చింది.

కడుపుతో ఉండబట్టి చాప పడింది. లేకుంటే గడపే గతి. ఆ పేరంటాన్ని పొగిడేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు. హులిగమ్మ వదలదు. “పూలు పెట్టింది నా కడుపుకు, నాకు గాదు. అయితేనేం, వాసన నాకొచ్చింది గదా!” అంటుంది.

బిడ్డ దక్కింది. పేరు ఉచ్చీరమ్మ. ఇప్పుడు పదేళ్లది, తల్లికంటే గట్టిగా బేరమాడుతుంది.

ఆనాటి పూలు రూపాయిన్నర. ఇందిరమ్మ రూపాయి చేతిలో పెట్టి, “తక్కినవి నీ తలలోకే పోయినాయి గదే,” అంది. ఆ అర్ధరూపాయి ఇంకా రావాలి.