కాయని బీర తీగ

సుభద్ర, ముప్పై మూడేళ్లు, తాళంచెవి కొంగు చివర ముడేసుకుని తిరిగేది. అనంతపురంలో అందరూ అది బీరువా తాళం అనుకునేవారు. కాదు, కాలేజీ బాటనీ లాబ్ తాళం. ఆ సుభద్రను నేనే. ఆ తాళంచెవిని ఊరందరి ముందూ పోగొట్టుకోబోయి, ఒక బీర తీగ పుణ్యాన ఎట్లా గట్టెక్కానో చెబుతాను, నవ్వుకోండి!

అరవైల మొదట్లో మాట. కోల్చిసిన్ అని ఒక మందుంది. గింజల్ని ఆ మందు నీళ్లలో నానేస్తే మొక్క కణాల్లో క్రోమోజోములు రెట్టింపవుతాయి. ఆకు మందమెక్కుతుంది, ఆకు పొర మీది సన్న రంధ్రాలూ, పువ్వూ పెద్దవవుతాయి, ఒక్కోసారి కాయ మాత్రం పట్టదు. గట్టి విషం కూడా. బంతి గింజల మీద చేసి చూస్తానని మా హెడ్ మూర్తి గారిని అడిగాను.

"ఇంట్లో పిల్లాజెల్లా లేకపోతే ఇలాంటివే తోస్తాయమ్మా," అన్నాడాయన పొడుం పీలుస్తూ. "సరే కానీండి. టౌన్ హాల్లో పూల పోటీ నాటికి పెద్ద బంతి చూపించలేకపోతే మాత్రం లాబ్ తాళం ఇచ్చెయ్యాలి. కొత్తగా వచ్చిన లెక్చరర్ చూసుకుంటాడు. మీరు ఆడపిల్లలకు ఇంటి శుభ్రత చెప్పుకుందురు."

"అట్లాగే సార్!" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

కాలేజీ కుళాయి ఎండిపోయి చాలా రోజులైంది. అందుకని పని ఇంట్లోనే పెట్టాను. మందు నీళ్లు మట్టి పిడతలో పోసి, బంతి గింజలు వేసి, వసారాలో ఉంచి క్లాసుకు పోయాను. మా అత్తకు ఒక్క మాట చెప్పలేదు. లోకానికి పాఠాలు చెప్పేదాన్ని, ఇంట్లో చెప్పే తీరిక నాకేది!

బంతులు మొలిచాయి, పెరిగాయి, పూశాయి. నా కళ్లకు మాత్రం రోజూ రవ్వంత లావెక్కినట్టే కనిపించేవి. ఆకు తుంచి మైక్రోస్కోపు కింద పెట్టి చూడొచ్చు కదా అంటారా? ఎందుకండీ, నమ్మకం ఉంటే!

పోటీ రోజు పొద్దున్నే కుండీలు టౌన్ హాల్లో పెట్టి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. మూర్తి గారు ఆకు పొర ఒలిచి, మా కాలేజీ బల్ల మీది మైక్రోస్కోపులో పెట్టి చూశాడు.

"అమ్మా సుభద్రా! ఇది మామూలు బంతి. మా ఆవిడ గుమ్మానికి కట్టేది ఇదే!"

హాలంతా నవ్వు. ఆయన చెయ్యి చాపాడు, తాళం కోసం.

"సాయంత్రం బహుమతులయ్యాక ఇస్తాను," అని ఇంటికి నడిచాను. ఎండకు కాదు, అవమానానికి మొహం మాడిపోయింది.

ఇంటి దగ్గర మా అత్త కంప మీది బీర తీగను పెరకబోతోంది.

"ఏం తీగే ఇది సుబద్రా! ఆకులు అట్టలున్నట్టుండాయి. నిన్న మాపు పూసిన పూలు చూడల్ల, గిన్నెలంత! కాయ మాత్రం ఒక్కటీ లేదు. దండగ్గా నీళ్లు తాగుతాండాది."

ఒక ఆకు వేళ్ల మధ్య పట్టుకుని చూశాను, నిజంగానే అట్టంత మందం. "అత్తా! ఈ గింజలు యాడ నానేసినావు?"

"నీ పిడతలోనే. ఏందో మంచి ఎరువు కలిపినావు గదా, పూలకేల అది, తినేదానికి పెడదామని నీ బంతి గింజలు తీసి, బీర గింజలు ఏస్తి. మొలిచింది ఇదొక్కటే. నీ బంతిని అట్లాంటిదే ఇంకో పిడతలో ఏసి మంచినీళ్లు పోసినాలే. ఈ కరువులో అదే ఎక్కువ!"

"అది విషం అత్తా! చేతులు కడుక్కున్నావా?"

"గరిటెతో తీసినా. పిడతా గరిటా ఆ పొద్దే పారేస్తి, చేదు వాసనేస్తాంటే. విషమైతే చెప్పి పోవల్ల! బాటనీ అంట, బాటనీ!"

పొద్దు వాలేదాకా ఆగి, మొగ్గలున్న తీగ కొస ఒక మూర కోసి నీళ్ల చెంబులో పెట్టాను. పోల్చడానికి పక్కింటి బీర ఆకు ఒకటి తెంపాను. అత్త కూడా చెప్పులేసుకుని నా వెంటే బయల్దేరింది.

బీర పూలు సాయంత్రమే విచ్చుకుంటాయి. మేం హాల్లో అడుగుపెట్టేసరికి చెంబు నిండా పచ్చటి పూలు, నా అరచెయ్యంత! మూర్తి గారు రెండు ఆకుల పొరలూ ఒలిచి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మా తీగ ఆకు రంధ్రాలు పక్కింటిదానికంటే ఎంతో పెద్దవి.

"ఇది పూల పోటీ అమ్మా, కూరగాయల సంత కాదు," అన్నాడు చివరికి.

"కాస్తే కూరగాయ. ఇది కాయలేదు. నిండా పూసింది, అంతే. కాయకపోతే పనికిరాదని ఏ పుస్తకంలో ఉంది సార్?"

హాల్లో ఎవరూ నవ్వలేదు. నా వెనక నుంచి అత్త గొంతు లేచింది.

"ఊరికే పూస్తే తప్పేమప్పా? నీ సొమ్మేమన్నా తింటాండాదా?"

పొద్దున ఆ తీగను పెరకబోయింది ఈవిడే! నేను కొంగు ముడి ఇంకోసారి బిగించాను. తాళం కోసం మళ్లీ చాపబోయిన మూర్తి గారి చెయ్యి మెల్లగా పొడుం డబ్బా వైపు పోయింది.

బహుమతి ఒక గులాబీకి వచ్చింది. పోనీండి. నేను చేసిన ప్రయోగం బంతి పూల దండకే సరిపోయింది, మా అత్త చేసిన కూర ప్రయత్నం మాత్రం ప్రయోగమైంది.

రిటైరయ్యేదాకా ఆ తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. పిల్లల్ని కనలేదు. బీరకాయలు బజార్లో కొన్నాను.