నాలుగో మిషన్‌లో పదిహేను ఓడలు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో క్లాసులు జరిగిందే తక్కువ. బస్సులు ఆగిపోతే తార్నాక నుంచి క్యాంపస్‌కి నడిచిపోయి, హాస్టల్లో ఉండే క్లాస్‌మేట్ కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. అతను వరంగల్ వైపు రైతుబిడ్డ. మాది గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగస్తుల కుటుంబం. ఆ సంగతి ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

అదొక అంతరిక్ష యుద్ధం ఆట. కథ నడుస్తూ ఉంటుంది, మనమొక ఎత్తు వేస్తే శత్రువు ఇంకో ఎత్తు వేస్తాడు. మొదటి మూడు మిషన్లు చకచకా గెలిచాను. నాలుగోదాంట్లో, కథ ప్రకారం, రావలసినవి రెండు కాపలా ఓడలు. మూడో ఎత్తుకే పదిహేను వచ్చి మీద పడ్డాయి. ఆరుసార్లు ఆడి ఆరుసార్లూ ఓడిపోయాను.

ముందు ఆట తయారుచేసినవాణ్ణి తిట్టుకున్నాను. తర్వాత బుద్ధి క్లాస్‌మేట్ మీదికి మళ్ళింది. నేను టీకి వెళ్ళినప్పుడల్లా గదిలోనే ఎందుకు ఉండిపోతాడు? నేను ఓడుతుంటే నోరు మెదపకుండా ఎందుకు చూస్తాడు? ఆంధ్రావాణ్ణనా?

ఆ మధ్యాహ్నం అతను ఊరేగింపు నుంచి తడి కర్చీఫుతో వచ్చాడు. బాష్పవాయువుకి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కూర్చోనైనా ఇవ్వలేదు నేను.

"నా ఆటలో ఏం మార్చావు? నిజం చెప్పు."

"మార్చిన," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "కొత్తోనివి గదా అని మొదటి మూడు ఈజీల పెట్టిన. ఇగ నేర్చుకున్నవ్ అనుకోని, నాలుగోది ఎట్లున్నదో అట్లనే ఉంచిన. కథల రెండే అంటది గని, నాకు సుత గవే పదిహేను వచ్చినయ్."

తార్నాక దాకా నడుస్తుంటే ఒక్కటే గుచ్చుకుంది. ఓడిన ఆరుసార్లూ అతన్ని అనుమానించాను. గెలిచిన మూడుసార్లూ నాకు ఏ అనుమానమూ రాలేదు.